చుక్కాని లేని నలభై నాలుగు నిమిషాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు రెండుసార్లు కబురు చేశారు. సర్వీసు జ్ఞాపకాలు వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను గ్యారేజీ మనిషిని. 1970లో హెల్పరుగా చేరి, 2003లో రిటైరయ్యేదాకా ముప్ఫై మూడేళ్లు బస్సుల కింద పిట్టులో నిలబడి పైకి చూసినవాణ్ణి. అందుకని ఒక విమానం సంగతి వ్రాస్తున్నాను. బస్సు మెకానిక్కుకి విమానంతో పనేమిటని నవ్వుకోకండి. కొంచెం ఓపిక పట్టండి.

మా అమ్మాయి అమెరికాలో ఒమాహాలో ఉంటోంది. 2014లో నేనూ మా ఆవిడా అక్కడ ఆరు నెలలు ఉన్నాం. ఒక ఆదివారం మా అల్లుడు కారులో గంటన్నర దూరంలో ఉన్న ఊరికి తీసుకెళ్లాడు. పేరు వ్రాసేది సియొక్స్ సిటీ అని, పలికేది మాత్రం ‘సూ సిటీ’ అని. మిస్సోరీ నది ఒడ్డున పార్కులో ఒక విగ్రహం ఉంది. యూనిఫాంలో ఉన్న ఒకాయన రెండు చేతుల మీద స్పృహ లేని చిన్న పిల్లవాణ్ణి ఎత్తుకొని నడుస్తున్నాడు. ఎవరిదో యుద్ధస్మారకం అనుకున్నాను. కాదు మామయ్యా, ఇది విమాన ప్రమాదానిది అన్నాడు మా అల్లుడు. ఆ రాత్రి అతనే ప్రభుత్వ విచారణ రిపోర్టు కంప్యూటర్లోంచి తీసి కాగితాల మీద అచ్చువేసి ఇచ్చాడు. నా ఇంగ్లీషుకి అది చదవడానికి నెల పట్టింది. తరువాత ఆ సంగతి మీద దొరికినవన్నీ చదివాను.

1989 జూలై 19. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వారి 232వ నంబరు విమానం డెన్వర్ నుంచి షికాగోకు బయల్దేరింది. డి.సి.-10 రకం. రెండు రెక్కల కింద రెండు ఇంజన్లు, తోక మధ్యలో మూడోది. లెక్కలో మాత్రం ఆ తోక ఇంజనే రెండో నంబరు. లోపల 296 మంది, అందులో 11 మంది సిబ్బంది. పిల్లలకు తక్కువ టిక్కెట్టు ఇచ్చిన రోజు కావటంతో 52 మంది పిల్లలు ఉన్నారు. కెప్టెన్ అల్ఫ్రెడ్ హేన్స్, వయసు 57, కంపెనీలో 1956లో చేరిన మనిషి. పక్కన ఫస్ట్ ఆఫీసర్ విలియం రికార్డ్స్, వెనక ఫ్లయిట్ ఇంజనీరు డడ్లీ డ్వోరాక్. భోజనాలయ్యాయి, కాఫీ తాగుతున్నారు. 37 వేల అడుగుల ఎత్తు. మధ్యాహ్నం 3 గంటల 16 నిమిషాలకు వెనక నుంచి బాంబు పేలినంత చప్పుడయింది.

తోక ఇంజను పోయింది. అంతవరకు భయపడేదేమీ లేదు. మూడింటిలో ఒకటి పోతే ఏం చేయాలో పుస్తకంలో ఉంటుంది, చేస్తారు. ఇంజను ఆపబోతుంటే మీటలు కదలలేదు, అదీ సర్దుకున్నారు. ఇంతలో రికార్డ్స్ విమానం తన మాట వినడం లేదన్నాడు. హేన్స్ తల తిప్పి చూస్తే రికార్డ్స్ కంట్రోలును పూర్తిగా ఎడమకు తిప్పి, పొట్టకు ఆనేలా లాక్కొని ఉన్నాడు. అంటే విమానం ఎడమకు వాలి పైకి లేవాలి. అది కుడికి వాలిపోతూ కిందకు దిగుతోంది. ఇంకొంచెం ఉంటే వెల్లకిలా పడేదే. హేన్స్ ఎడమ ఇంజను తగ్గించి కుడి ఇంజను పెంచాడు. మెల్లగా కుడి రెక్క లేచింది. అలా ఎందుకు చేశారని తరువాత అడిగితే తనకే తెలియదని చెప్పేవాడట. ఆ ఒక్క పని చెయ్యకపోతే మిగతా కథే లేదు.

డ్వోరాక్ మీటర్లు చూశాడు. హైడ్రాలిక్ ఆయిలు మూడు లైన్లలోనూ సున్న. ప్రెషరూ సున్న, ఆయిలూ సున్న.

మనవాళ్లకి ఇక్కడ విడమరచి చెప్పాలి. పాత బస్సులో డ్రైవరు పెడలు తొక్కితే ఆయిలు గొట్టంలోంచి పోయి చక్రం దగ్గర బ్రేకు పట్టినట్టే, విమానంలో పైలట్ చక్రం తిప్పితే ఆయిలు ప్రెషరు పోయి రెక్కల మీద, తోక మీద ఉన్న పలకల్ని కదుపుతుంది. చిన్న విమానాల్లో తీగలు లాగి కదపవచ్చు. డి.సి.-10లో పలకలు పెద్దవి, మనిషి బలానికి కదలవు. ఆయిలు లేకపోతే అంతే. అందుకే ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు లైన్లు పెట్టారు, వేటి పంపులు వాటికే. మూడూ ఒకేసారి పోయే అవకాశం వంద కోట్లకు ఒకటని లెక్క వేశారని హేన్స్ ఉపన్యాసాల్లో చెప్పేవాడు. లెక్క తప్పు కాకపోవచ్చు. కాని మూడు లైన్లూ తోకలో దగ్గరదగ్గరగా వెళ్తాయి, తోకలో ఇంజను ఉంది. ఇంజనులో ముందుండే పెద్ద ఫ్యాను డిస్కు పగిలి ముక్కలు దూసుకుపోతే 1, 3 లైన్ల గొట్టాలు తెగాయి. రెండోది ఆ ఇంజనుతోపాటే పోయింది. పద్దులు మూడు, పెట్టె ఒకటి అన్నట్టయింది.

శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్న కంపెనీ మెయింటెనెన్స్ వారిని డ్వోరాక్ రేడియోలో అడిగాడు. మూడూ పోయాయంటే అవతలివాళ్లు నమ్మలేదు. మళ్లీమళ్లీ అడిగారు. ఏ పుస్తకంలోనూ ఆ పేజీ లేదు. పాపం, వాళ్లని అనడానికి లేదు. బ్రేక్‌డౌన్ అని రాత్రిపూట ఫోను వస్తే డిపోలో కూర్చొని మనమూ అవే ప్రశ్నలు వేసేవాళ్లం.

అప్పుడు ప్రయాణికుల్లోంచి ఒక మనిషి ముందుకొచ్చాడు. డెన్నిస్ ఫిచ్. అదే కంపెనీలో డి.సి.-10 పైలట్లకు శిక్షణ ఇచ్చే పైలట్, ఇంటికి వెళ్తున్నాడు. కావాలంటే సాయం చేస్తానని ఎయిర్‌హోస్టెస్‌తో చెప్పి పంపాడు. హేన్స్ వెంటనే రమ్మన్నాడు. ఇది చిన్న విషయం కాదు. ఆ రోజుల్లో కాక్‌పిట్‌లో కెప్టెన్ మాటే శాసనం. 1978 డిసెంబరు 28న పోర్ట్‌లాండ్ దగ్గర ఇదే కంపెనీ విమానం, చక్రాల లైటు సంగతి చూసుకుంటూ తిరిగితిరిగి, పెట్రోలు అయిపోయి కూలింది. పదిమంది పోయారు. పెట్రోలు తగ్గుతోందని కిందివాళ్లు గట్టిగా చెప్పలేకపోయారు, కెప్టెను చెవిన పెట్టలేదు. ఆ తరువాతే కంపెనీవారు కాక్‌పిట్‌లో అందరూ నోరు విప్పాలి, కెప్టెన్ వినాలి అని ప్రత్యేకంగా క్లాసులు పెట్టారు. ఆ క్లాసులే మమ్మల్ని కాపాడాయని హేన్స్ చివరిదాకా చెప్పాడు. కాక్‌పిట్‌లో మొత్తం 103 సంవత్సరాల అనుభవం ఉంది, కాని ఈ పరిస్థితిలో ఒక్క నిమిషం అనుభవం కూడా ఎవరికీ లేదు, అలాంటప్పుడు నాకొక్కడికే ఎక్కువ తెలుసని ఎలా అనుకుంటాను అన్నది ఆయన వాదన. మన డిపోల్లో పనిచేసిన పెద్దసార్లలో ఇలా అనుకున్నవారిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

ఫిచ్ ముందు వెనక్కి వెళ్లి కిటికీల్లోంచి రెక్కలు చూసివచ్చాడు. ఒక్క పలకా కదలడం లేదు. ఇక సీట్ల మధ్య మోకాళ్ల మీద కూర్చొని రెండు చేతులతో రెండు ఇంజన్ల మీటలు పట్టుకున్నాడు. హేన్స్, రికార్డ్స్ పనికిరాని చక్రాలు పట్టుకొని ఎటు పోతోందో చెబుతుంటే ఈయన మీటలు కదుపుతున్నాడు. పడవలో రెండు వైపులా తెడ్లు వేసేవాళ్లుంటే, కుడివాడు గట్టిగా వేస్తే పడవ ఎడమకు తిరిగినట్టు, ఇంజన్ల తేడాతో విమానాన్ని తిప్పడం. విమానం ఊరికే కుడికి లాగేస్తోంది. చుట్టూ తిరిగినవన్నీ దాదాపు కుడివైపు తిరుగుళ్లే.

అసలు కష్టం ఎగిసిపడటం. చుక్కాని లేనప్పుడు విమానం నిలకడగా పోదు. ముక్కు దించుకుని వేగం పుంజుకుంటుంది, ఆ వేగానికి ముక్కు ఎత్తుకుంటుంది, ఎత్తుకొని వేగం పోగొట్టుకుని మళ్లీ దిగుతుంది. అటూ ఇటూగా నిమిషానికొక కెరటం. దీన్ని ఆపాలంటే ముక్కు దిగుతూ వేగం పెరుగుతున్నప్పుడు ఇంజను ఇంకా పెంచాలి, లేస్తున్నప్పుడు తగ్గించాలి. మనసు చెప్పేదానికి పూర్తిగా ఎదురు. పైగా ఇంజను వెంటనే పలకదు కాబట్టి, కెరటం రాకముందే చెయ్యి కదలాలి. ఫిచ్‌కి ఈ సంగతి మీద ముందే ధ్యాస ఉంది. 1985 ఆగస్టు 12న జపాన్ ఎయిర్‌లైన్స్ 123వ నంబరు జంబో విమానానికి ఇలాగే ఆయిలంతా పోయింది. అక్కడి సిబ్బంది అరగంటకు పైగా పోరాడినా కొండల్లో కూలి, 524 మందిలో నలుగురే మిగిలారు. ఏడేళ్ల కిందట తోక దగ్గర చేసిన రిపేరులో రివెట్ల వరుస సరిగా పడకపోవడమే దానికి కారణం. అది తెలిశాక ఫిచ్ సిమ్యులేటర్లో ఇంజన్లతో మాత్రమే నడిపి చూసుకున్నాడు.

అంతకంటే ముందు 1972లో కూడా ఒకాయన ఉన్నాడు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ కెప్టెన్ బ్రైస్ మెక్‌కార్మిక్. అప్పట్లో డి.సి.-10 కొత్త. ఇంజన్లతో తిప్పడం సాధ్యమేనా అని తనంతట తానే సిమ్యులేటర్లో సాధన చేశాడు. ఆ జూన్ 12న ఆకాశంలో సామాన్ల గది తలుపు ఊడి, నేల కుంగి, కంట్రోలు తీగలు బిగుసుకుపోయాయి. ఆయన ఇంజన్ల సాయంతో డెట్రాయిట్‌లో దింపాడు, 67 మందీ క్షేమం. తలుపును మాత్రం గట్టిగా పట్టించుకోలేదు. 1974 మార్చి 3న పారిస్ దగ్గర టర్కీ విమానంలో అదే తలుపు ఊడింది. 346 మంది పోయారు.

మళ్లీ మన విమానానికి వద్దాం. దగ్గరలో ఉన్నది సూ సిటీ. టవర్లో కంట్రోలర్ కెవిన్ బాక్‌మన్ ఎంత నిదానంగా మాట్లాడాడో తరువాత అందరూ చెప్పారు. ఏ రన్‌వే మీదనైనా దిగవచ్చు అని అతనంటే, రన్‌వేనే కావాలంటారా అన్నట్టు హేన్స్ నవ్వాడు. ఫిచ్ ఇదంతా అయ్యాక బీరు తాగుదాం అంటే, నాకు అలవాటు లేదు గాని ఇవాళ మాత్రం తప్పకుండా తాగుతానన్నాడు. వినేవారికి వేళాకోళంలా ఉంటుంది. చేతులు వణకకుండా ఉండడానికి మనుషులు అలా మాట్లాడతారని ఘాటు రోడ్డు మీద తిరిగినవాళ్లకి తెలుసు.

ప్రయాణికులకు దిగడం చాలా కష్టంగా ఉండబోతోందని హేన్స్ దాచకుండా చెప్పాడు. సీనియర్ ఎయిర్‌హోస్టెస్ జాన్ బ్రౌన్ ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా సీట్ల మధ్య తిరిగి అందరినీ సిద్ధం చేసింది. ఒడిలో ఉన్న నలుగురు పసిపిల్లల్ని, అప్పటి నిబంధన ప్రకారం, తల్లుల కాళ్ల దగ్గర నేల మీద పెట్టి పట్టుకోమంది. వారిలో ఒక బిడ్డ పోయాడు. పసివాళ్లకు కూడా సీటు, బెల్టు ఉండాలని ఆమె తరువాత జీవితమంతా పోరాడింది. రెండేళ్లలోపు పిల్లలకు సీటు తప్పనిసరి చేస్తూ అమెరికాలో నిబంధన రానేలేదు.

చక్రాలు వాటి బరువుతోనే కిందకు వచ్చేట్టు వదిలారు. చివరి నిమిషాల్లో డ్వోరాక్ తన సీటు ఫిచ్‌కి ఇచ్చి తాను వెనక చిన్న సీట్లో కూర్చున్నాడు. అనుకున్న రన్‌వే ఒకటి, ఎదురుగా వచ్చింది మరొకటి. అది మూసేసిన 22వ నంబరు పాత రన్‌వే. దాని మీద ఫైరింజన్లు నిలబెట్టి ఉన్నారు. హడావిడిగా తప్పించారు. మామూలుగా గంటకు 140 నాట్ల వేగంతో దిగాల్సిన విమానం 215కు పైగా వేగంతో, నిమిషానికి 1600 అడుగుల చొప్పున దిగుతోంది. నేలకు వంద అడుగుల ఎత్తులో ఆఖరి కెరటం వచ్చింది. ముక్కు దిగింది, కుడి రెక్క వాలింది. రెక్క కొస ముందు నేలకు తగిలింది. మంటలు లేచాయి, విమానం ముక్కలై, పెద్ద ముక్క వెల్లకిలా మొక్కజొన్న చేలోకి పోయింది. సరిగ్గా నాలుగు గంటలు. చప్పుడయిన దగ్గర్నుంచి 44 నిమిషాలు.

184 మంది బతికారు, 112 మంది పోయారు. ఆ 112లో ఒకరు నెల గడిచాక ఆసుపత్రిలో పోయారు. మనిషెత్తు చేలల్లోంచి మనుషులు నడిచి వచ్చారు. కాక్‌పిట్ విడిగా తెగిపడి ముద్దయింది. అందులో ఎవరూ ఉండరనుకొని 35 నిమిషాలు దాని దగ్గరికే పోలేదు. నలుగురూ ప్రాణాలతో ఉన్నారు.

అంతమంది బతకడానికి పైలట్లొక్కరే కారణం కాదు. రెండేళ్ల కిందట, 1987లో, పెద్ద విమానం కూలితే ఏం చేయాలో ఆ జిల్లావాళ్లు రిహార్సల్ చేసి ఉన్నారు. ఆ రోజు నేషనల్ గార్డు సిబ్బంది 285 మంది విమానాశ్రయంలోనే డ్యూటీలో ఉన్నారు. ఆసుపత్రుల్లో షిఫ్టులు మారే వేళ, రెండు షిఫ్టుల నర్సులూ డాక్టర్లూ ఉన్నారు. తరువాత సిమ్యులేటర్లలో ఎంతమంది పైలట్లు ప్రయత్నించినా ఆ విమానాన్ని క్షేమంగా దింపలేకపోయారు.

ఇక నేను ఈ కథ ఎందుకు ఎత్తుకున్నానో ఆ భాగం. డిస్కు మూడు నెలల తరువాత అయోవాలో ఆల్టా అనే ఊరి దగ్గర, మొక్కజొన్న కోతల్లో ఒక రైతు పొలంలో దొరికింది. టైటానియం లోహం. 1971లో కరిగించి పోసినప్పుడే లోపల కొంచెం గట్టిపడిన దోషం ఉండిపోయింది. లోహం అంతకంటే శుద్ధంగా రావడానికి మూడుసార్లు కరిగించే పద్ధతి ఆ వెంటనే 1972లో మొదలయింది. ఇది దానికి ముందుది. దోషం దగ్గర సన్నని బీట మొదలై, ఎగిరినప్పుడల్లా వెంట్రుకవాసి పెరుగుతూ పదిహేడేళ్లు గడిచింది. 1988లో యునైటెడ్ వారి ఓవర్‌హాల్ షాపులో దాన్ని విప్పి తనిఖీ చేశారు. మెరిసే రంగు నూనె పూసి, తుడిచి, నల్లదీపం కింద చూస్తారు. బీట ఉంటే గీతలా మెరుస్తుంది. అప్పటికే బీట దాదాపు అరంగుళం పొడుగు ఉండి ఉంటుందని నిపుణులు తేల్చారు. చూసిన మనిషికి కనబడలేదు. బాగుందని సంతకం చేశాడు. ఆ తరువాత 760 సార్లు ఎగిరింది. 1990 నవంబరు 1న వచ్చిన రిపోర్టు, తనిఖీ చేసే మనిషికుండే పరిమితులను ఆ షాపు పద్ధతుల్లో తగినంతగా లెక్కలోకి తీసుకోలేదని వ్రాసింది. వందలాది భాగాలు చూస్తే ఒక్కదానిలోనూ ఏమీ దొరకని పనిలో, కన్ను చూస్తూనే ఉంటుంది, మనసు చూడటం మానేస్తుంది. ఆ మాట రిపోర్టు భాషలో వేరేగా ఉంది. నాకు అర్థమయింది ఇది.

1983లో, నేను పనిచేసిన ఒక డిపోలో, ఘాటు సర్వీసు బస్సు ఒకటి షెడ్యూలు చెకింగుకు వచ్చింది. బ్రేకు గొట్టాలు చూసింది నేను. టార్చి వేసి ఎడమవైపు నుంచి చూశాను. ఛాసిస్‌కి గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు దగ్గర చెయ్యి పెట్టి తడమలేదు. అంతకు ముందు అలా తడిమితే ఎప్పుడూ ఏమీ దొరకలేదు మరి. జాబ్ కార్డు మీద సంతకం చేశాను. నాలుగో రోజు ఘాటు దిగుతుండగా ఆ క్లాంపు కింద ఒరిసి ఒరిసి పలచబడిన గొట్టం పగిలింది. పెడలు నేలకు ఆనింది. డ్రైవరుగారు గేర్లు దించుకుంటూ, హ్యాండ్‌బ్రేకు లాగుతూ, లోయ వైపు పోనివ్వకుండా కొండవైపు గట్టుకు బస్సును ఒరిపించి ఆపారు. కండక్టరు కిటికీ పక్కవాళ్లని ఇవతలికి జరగమని అరుస్తూనే ఉన్నాడట. 41 మంది ప్రయాణికులు. ఇద్దరికి దెబ్బలు తగిలాయి గాని ప్రాణానికేం కాలేదు. డ్రైవరుగారి మణికట్టు విరిగింది. గొట్టం మార్చారు, బస్సు మూడో రోజు రోడ్డెక్కింది. రోడ్డు బాగులేక రాయి తగిలి పగిలిందని కాగితాల మీద వ్రాశారు. నన్నెవరూ అడగలేదు. పాత గొట్టం నేను తీసి చూశాను. రాయి దెబ్బ కాదు. క్లాంపు అచ్చు స్పష్టంగా ఉంది. దాన్ని తుక్కులో వేసేశాను.

హేన్స్ 2019 ఆగస్టులో 87 ఏళ్ల వయసులో పోయారు. ఫిచ్ 2012లోనే పోయారు. 232 తరువాత డి.సి.-10లలో, తోకలో గొట్టం తెగినా మూడో లైనులో కొంత ఆయిలు మిగిలేలా మూసుకునే వాల్వు పెట్టారు. నాసావారు ఇంజన్లతో మాత్రమే విమానం దింపే కంప్యూటరు పద్ధతి తయారుచేసి, 1995 ఆగస్టులో ఎం.డి.-11 అనే పెద్ద విమానాన్ని అలా దింపి చూపించారు. 2003 నవంబరు 22న బాగ్దాద్‌లో క్షిపణి తగిలి ఆయిలంతా పోయిన డి.హెచ్.ఎల్. వారి సరుకు విమానాన్ని ముగ్గురు సిబ్బంది మీటలతోనే దింపి ప్రాణాలతో బయటపడ్డారు. హేన్స్ మాత్రం రిటైరయ్యాక దేశమంతా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చారు. పోయినవాళ్ల సంగతి ఎత్తకుండా ఎప్పుడూ ముగించలేదంటారు.

మా డ్రైవరుగారు పోయి పదకొండేళ్లయింది. ఆ చెయ్యి చలికాలంలో సలుపుతోందని సంఘం మీటింగుల్లో కనబడినప్పుడల్లా అనేవారు. ‘ఆ రాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో గాని’ అనేవారు. నేను తల ఊపేవాణ్ణి. ఆయన భార్య ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్నారు, మన సంచిక వారింటికీ పోస్టులో వెళ్తుంది. అమ్మా, అది రాయి కాదు.